కొవ్వు తగ్గడానికి ప్లయోమెట్రిక్స్ పనికొస్తాయా? ఎగరాలా, నడవాలా, బరువులెత్తాలా?

ఇరవై నిమిషాలు ఆగకుండా ఎగిరాక మ్యాట్ మీద చెమట చుక్కలు మడుగు కడతాయి. గుండె చెవుల్లో కొట్టుకుంటున్నట్టు వినిపిస్తుంది. తొడలు వణుకుతాయి. ఆ నిమిషంలో ఎవరికైనా అనిపించేది ఒకటే: ఈ రోజు కొవ్వు బాగా కరిగి ఉంటుంది. నడిచొచ్చిన రోజు అలా అనిపించదు, చొక్కా కూడా సరిగా తడవదు. బరువు తగ్గాలని గట్టిగా అనుకున్నవాళ్లు చాలామంది మొదటి రోజే జంప్ స్క్వాట్లు (గుంజీలా కూర్చుని పైకి ఎగరడం), బర్పీలు (నేల మీదికి వంగి, కాళ్లు వెనక్కి చాపి, లేచి ఎగరడం), బాక్స్ జంప్‌లు (పెట్టె మీదికి ఎగిరి ఎక్కడం) మొదలుపెట్టేది అందుకే.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ప్లయోమెట్రిక్స్, అంటే గెంతులతో చేసే సాధన, మంచి వ్యాయామం. నాకు చాలా ఇష్టమైనది కూడా. కానీ కొవ్వు తగ్గించుకోవడమే మీ మొదటి లక్ష్యమైతే దాన్ని మొదటి స్థానంలో పెట్టకండి. నడకో, సైకిలో, బరువులో ఆ స్థానంలో ఉండాలి. గెంతులు వాటి పక్కన, వారంలో ఒకటి రెండు రోజులు, కొద్దిగా ఉంటే చాలు. ఎందుకంటున్నానో లెక్కలతో సహా చెప్తాను. ఆ తర్వాత ఎవరి పరిస్థితికి ఏది సరిపోతుందో చూద్దాం.

ఒకే పేరుతో తిరుగుతున్న రెండు వేరు వేరు వ్యాయామాలు

ఇక్కడే చాలామంది తికమక పడతారు, కాబట్టి కాస్త నెమ్మదిగా వెళ్దాం.

ప్లయోమెట్రిక్స్ పుట్టింది క్రీడాకారుల కోసం. 1960లలో సోవియట్ కోచ్ యూరీ వెర్ఖోషాన్‌స్కీ తన జంపర్ల చేత ఒక ఎత్తు మీద నుంచి కిందికి దిగి, పాదం నేలకు తగిలీ తగలగానే మళ్లీ పైకి ఎగిరేలా సాధన చేయించాడు. ఆయన దాన్ని షాక్ పద్ధతి అన్నాడు. 'ప్లయోమెట్రిక్స్' అనే పేరు తర్వాత 1975లో అమెరికన్ కోచ్ ఫ్రెడ్ విల్ట్ పెట్టాడు. ఇందులో సూత్రం ఏమిటంటే, కండరం, దాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ ముందు వేగంగా సాగాలి, సాగిన వెంటనే ముడుచుకోవాలి. రబ్బరు బ్యాండును లాగి వదిలినట్టు. సాగడానికీ ముడుచుకోవడానికీ మధ్య ఆలస్యం ఎంత తక్కువైతే గెంతు అంత బలంగా వస్తుంది. ఆలస్యమైతే దాచుకున్న శక్తి వేడిగా మారి పోతుంది, మళ్లీ కండరమే మొదటినుంచి పని చేయాలి.

దీన్ని సరిగ్గా చేసేవాళ్లను దగ్గర నుంచి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వాళ్లు ఎక్కువసేపు నిలబడే ఉంటారు. ఐదు గెంతులు గెంతుతారు, తర్వాత రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ నడుస్తూ ఊపిరి తీసుకుంటారు. మళ్లీ ఐదు. ప్రతి గెంతు తన శక్తంతా పెట్టి చేయాలి కాబట్టి అలసటతో చేసిన గెంతుకు అక్కడ విలువ లేదు. పని చేసిన సమయానికి ఐదు నుంచి పది రెట్లు విశ్రాంతి అన్నది కోచ్‌లు మామూలుగా పాటించే లెక్క. కొత్తవాళ్లకు ఒక రోజులో పాదం నేలను తాకే లెక్క 80 నుంచి 100 దాటకూడదంటారు. మళ్లీ చేయడానికి 48 నుంచి 72 గంటల ఎడం ఉండాలంటారు.

ఇక మనం ఇంట్లో వీడియో పెట్టుకుని చేసేది వేరు. నలభై సెకన్లు జంప్ స్క్వాట్లు, ఇరవై సెకన్లు విశ్రాంతి, వెంటనే బర్పీలు, తర్వాత జంపింగ్ లంజెస్ (ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి వంగి, ఎగిరి కాళ్లు మార్చడం), ఇలా ఇరవై నిమిషాలు. దాని మీదా ప్లయోమెట్రిక్స్ అనే రాసి ఉంటుంది. నిజానికి అది గెంతులతో చేసే హిట్ సర్క్యూట్, అంటే తీవ్రంగా చేస్తూ మధ్యలో కొద్దిసేపే ఆగే వ్యాయామాల వరుస. రెండో నిమిషం నుంచే గెంతు ఎత్తు తగ్గిపోతుంది, నేల మీద పాదం ఎక్కువసేపు నిలుస్తుంది, ఆ రబ్బరు బ్యాండు పని ఆగిపోతుంది. గుండెకు, ఊపిరితిత్తులకు అది మంచి కసరత్తే. కానీ శక్తి పెంచే సాధన మాత్రం అవదు.

కాబట్టి 'ప్లయోమెట్రిక్స్‌తో కొవ్వు తగ్గుతుందా' అని అడిగినప్పుడు, మొదట ఏ ప్లయోమెట్రిక్స్ అన్నది తేల్చుకోవాలి. సరిగ్గా చేస్తే విశ్రాంతే ఎక్కువ, క్యాలరీల ఖర్చు తక్కువ. ఖర్చు పెంచాలని విశ్రాంతి తీసేస్తే గెంతు నాణ్యత పోతుంది, దెబ్బ తగిలే అవకాశం పెరుగుతుంది. రెండు లాభాలూ ఒకే సెషన్‌లో పూర్తిగా దొరకవు.

ఒక్క గెంతుకు ఎంత ఖర్చవుతుంది?

నమ్మకాలు పక్కనపెట్టి ఒక గెంతును తీసుకుని లెక్క కడదాం.

70 కిలోల మనిషి జంప్ స్క్వాట్ చేస్తున్నాడనుకోండి. కిందికి కూర్చున్న చోటు నుంచి నిలబడే దాకా నడుము సుమారు 35 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అక్కడి నుంచి గాల్లోకి ఇంకో 30 సెంటీమీటర్లు. మొత్తం 65 సెంటీమీటర్లు. అంత ఎత్తుకు 70 కిలోలను లేపడానికి కావలసిన పని 446 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). కండరం ఖర్చు చేసే శక్తిలో పావు వంతు మాత్రమే పనిగా మారుతుంది, మిగతాది వేడి. అంటే శరీరానికి అయ్యే ఖర్చు దాదాపు 1,800 జౌళ్లు. మనం తిండి విషయంలో వాడే క్యాలరీ 4,184 జౌళ్లు. భాగిస్తే 0.43. కిందికి దిగేటప్పుడు శరీరాన్ని ఆపుకోవడానికి అయ్యేది కూడా కలిపితే ఒక గెంతుకు అర క్యాలరీ చుట్టుపక్కల.

వంద గెంతులకు 50 క్యాలరీలు. అదే మనిషి పది నిమిషాలు చురుగ్గా నడిస్తే కూడా ఖర్చయ్యేది 50 క్యాలరీలే.

మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు నేను కాసేపు నమ్మలేదు. వంద జంప్ స్క్వాట్లు చేసిన రోజు మెట్లు దిగడం కూడా కష్టమవుతుంది. పది నిమిషాల నడక తర్వాత ఏమీ తెలియదు. కష్టం ఎంతో ఖర్చు కూడా అంతే ఉంటుందని మనసు అనుకుంటుంది. కానీ కష్టాన్ని కండరం మీద పడే ఒత్తిడి నిర్ణయిస్తుంది, మొత్తం ఖర్చును మాత్రం ఎంతసేపు కదిలామన్నది ఎక్కువగా నిర్ణయిస్తుంది.

ఇంకో విషయం ఉంది. గెంతడం బాగా వచ్చిన శరీరం ఖర్చు ఇంకా తగ్గించుకుంటుంది. దీనికి కంగారూ కంటే మంచి ఉదాహరణ లేదు. కంగారూ గెంతుతూ వేగం పెంచినా, కొంత మేర వరకు దాని ఆక్సిజన్ వాడకం దాదాపు పెరగదు. కాళ్లలోని పొడవాటి టెండన్లు ప్రతి గెంతులో శక్తిని దాచి తర్వాతి గెంతుకు తిరిగి ఇస్తాయి. మన మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ చిన్న స్థాయిలో అదే పని చేస్తుంది. ప్లయోమెట్రిక్స్ చేసిన రన్నర్లు అదే వేగానికి తక్కువ శక్తితో పరిగెత్తగలగడానికి ఇది ఒక కారణం. పరుగు పందెం వాడికి ఇది వరం. క్యాలరీలు ఖర్చు పెట్టుకోవాలని వచ్చినవాడికి దీనివల్ల ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

వ్యాయామాల ఖర్చును పోల్చడానికి మెట్ అనే కొలత వాడతారు. ఊరికే కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చు 1 మెట్. గంటకు 5.6 కిలోమీటర్ల నడక సుమారు 4.3. గంటకు 8 కిలోమీటర్ల నెమ్మదైన పరుగు సుమారు 8. నిమిషానికి 100 నుంచి 120 సార్లు తిప్పే స్కిప్పింగ్ 12కి దగ్గర. ఆపకుండా చేసే గెంతుల సర్క్యూట్‌ను గట్టి కసరత్తుల కింద లెక్కేస్తే సుమారు 8. బరువులెత్తడం ఎంత గట్టిగా చేస్తారన్న దాన్ని బట్టి మూడున్నర నుంచి 6. మెట్‌ను మీ బరువుతో, గంటలతో గుణిస్తే క్యాలరీలు వస్తాయి.

నిమిషానికి చూస్తే స్కిప్పింగ్, పరుగు, గెంతులే గెలుస్తాయి, అందులో సందేహం లేదు. కానీ ఎవరూ నిమిషం లెక్కన బతకరు, వారం లెక్క చూడాలి. అదే 70 కిలోల మనిషి గెంతుల సర్క్యూట్ 20 నిమిషాలు చేస్తే 187 క్యాలరీలు. మోకాళ్లు, పిక్కలు కోలుకోవాలి కాబట్టి వారానికి మూడు రోజులకు మించి చేయలేడు. వారానికి 560. నడక అయితే రోజుకు 45 నిమిషాల చొప్పున ఆరు రోజులు హాయిగా నడవగలడు. రోజుకు 225, వారానికి 1,350.

ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి. తిండి ఏమీ మారకుండా ఉంటే, కాగితం మీద గెంతుల సర్క్యూట్‌తో ఒక కిలో తగ్గడానికి దాదాపు 14 వారాలు. నడకతో ఆరు వారాల లోపే. నిజ జీవితంలో రెండూ ఇంతకన్నా నెమ్మదిగానే జరుగుతాయి, ఎందుకంటే వ్యాయామం చేసిన రోజు మనం మిగతా వేళల్లో తక్కువ కదులుతాం, కాస్త ఎక్కువ తింటాం. ఈ వెనకడుగు కఠినమైన వ్యాయామంతో తేలిగ్గా వస్తుంది. బర్పీలు చేసి సోఫాలో కూలబడి, సాయంత్రం దాకా లేవకపోతే, ఆ రోజు మొత్తం మీద మిగిలింది చాలా తక్కువ. మీ ఫోన్‌లో అడుగుల లెక్క ఉంటే ఒకసారి చూసుకోండి: గెంతిన రోజు అడుగులు తగ్గుతున్నాయా? చాలామందికి తగ్గుతాయి.

'వ్యాయామం అయిపోయాక కూడా శరీరం గంటల తరబడి కొవ్వు కరిగిస్తూనే ఉంటుంది' అనే మాట మీరు వినే ఉంటారు. అది నిజమే, కాని పరిమాణం చిన్నది. గట్టి వ్యాయామం తర్వాత ఆక్సిజన్ వాడకం కొంతసేపు ఎక్కువగానే ఉంటుంది. ఆ అదనపు ఖర్చు మామూలుగా వ్యాయామంలో అయిన ఖర్చులో పదో వంతు చుట్టూ ఉంటుంది. 187కి ఇంకో 20 కలుపుకోండి. రెట్టింపు మాత్రం అవదు.

టబాటా గురించి కూడా ఒక మాట. 20 సెకన్లు పని, 10 సెకన్లు విశ్రాంతి అనే ఆ నాలుగు నిమిషాల పద్ధతికి జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా పేరు వచ్చింది. 1996లో వచ్చిన ఆయన పరిశోధన సైకిల్ యంత్రం మీద, మామూలు మనిషి తట్టుకోలేనంత తీవ్రతతో జరిగింది. అందులో కొలిచింది దమ్ము ఎంత పెరిగిందని. కొవ్వు తగ్గించే పద్ధతిగా ఆయన దాన్ని పరీక్షించలేదు. తర్వాత ఎవరో అదే గడియారాన్ని జంప్ స్క్వాట్లకు తగిలించారు.

మరి హిట్‌కు ప్రయోజనమే లేదా? ఉంది. తీవ్రంగా విరామాలతో చేసే వ్యాయామాన్ని, నిలకడగా చేసే నడక, సైకిల్ లాంటి వాటిని పోల్చిన పరిశోధనలను కలిపి చూసిన సమీక్షల్లో కొవ్వు తగ్గుదల దాదాపు సమానంగా కనిపించింది. హిట్ తక్కువ సమయంలో ఆ పని చేసింది. సమయం నిజంగా దొరకనివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ తీవ్రతను సైకిల్ మీదా తెచ్చుకోవచ్చు, ఎత్తు ఎక్కుతూ వేగంగా నడిచీ తెచ్చుకోవచ్చు. దానికి గెంతే తీరాలని లేదు.

బరువులను ఎందుకు ముందు పెట్టమంటున్నాను

క్యాలరీల లెక్కలో బరువులెత్తడం నడక కన్నా గొప్పగా ఏమీ కనిపించదు. అయినా కొవ్వు తగ్గాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేవాటిలో అదొకటి. తిండి తగ్గించి బరువు తగ్గుతున్నప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తి, ప్రొటీన్ చాలినంత తింటే, అంటే కిలో శరీర బరువుకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా, ఆ నష్టం చాలావరకు ఆగుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు. ఇద్దరు మనుషులు చెరి ఎనిమిది కిలోలు తగ్గొచ్చు. ఒకరు బలంగా, నడుము సన్నబడి కనిపిస్తారు, ఇంకొకరు నీరసంగా, వాడిపోయినట్టు కనిపిస్తారు. ఆ తేడాలో ఎక్కువ భాగం కండ దగ్గరే ఉంటుంది.

గెంతులు కొంత కండ నిలబెట్టగలవు, ముఖ్యంగా తొడలు, పిక్కల్లో. కానీ వీపు, భుజాలు, ఛాతీ వాటి పరిధిలోకి రావు. పైగా తక్కువ తింటున్న రోజుల్లో అలసట త్వరగా వస్తుంది, అలసిన కాళ్లతో నేల మీదికి దిగడం మంచిది కాదు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేస్తాను. జంప్ లంజెస్ చేస్తే తొడల కొవ్వు, ఎగిరి మోకాళ్లు పైకి లాగితే పొట్ట కొవ్వు ప్రత్యేకంగా కరగదు. ఏ కండరం పని చేసిందో దాని మీది కొవ్వే పోవాలన్న నియమం శరీరంలో లేదు.

మోకాలు, మడమ చెల్లించే ధర

నేను ఒకప్పుడు రోజూ జంప్ స్క్వాట్లు చేసేవాణ్ణి. రోజుకు నూట యాభై, సిమెంటు నేల మీద, వారంలో ఏడు రోజులూ. మొదటి రెండు వారాలు అద్భుతంగా అనిపించింది. మూడో వారంలో ఒక పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ వెనక ఎవరో పట్టుకుని పిండినట్టు నొప్పి. పది అడుగులు వేశాక తగ్గింది, కాబట్టి పట్టించుకోలేదు. ఇంకో నాలుగు రోజులు అలాగే గెంతాను. ఆ తర్వాత ఆరు వారాలు గెంతులు మానేయడమే కాదు, నడక కూడా సగానికి తగ్గించుకోవాల్సి వచ్చింది. రెండు వారాల్లో సంపాదించింది ఎంతో, ఆ ఆరు వారాల్లో పోగొట్టుకున్నది ఎంతో తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. టెండన్ నొప్పికి అది ముఖ్యమైన గుర్తు: పొద్దున్నే బిగుసుకుపోయి, కాసేపు తిరిగితే సర్దుకుంటుంది. అది కనిపిస్తే ఆ రోజే గెంతులు ఆపేయండి.

కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. నడకలో ప్రతి అడుగుకూ నేల నుంచి వచ్చే బలం మన బరువుకు కొంచెం ఎక్కువ. పరుగులో రెండు మూడు రెట్లు. ఎత్తు నుంచి దిగే గెంతులో ఐదు రెట్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. 95 కిలోల మనిషికి ఆ లెక్క ఎక్కడికి వెళ్తుందో మీరే ఊహించండి. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. టెండన్‌కు నెలలు పడుతుంది. గుండె, తొడలు 'ఇంకా చేయగలను' అంటున్నప్పుడు మడమ ఇంకా సిద్ధంగా ఉండదు. కొవ్వు తగ్గడం అవసరం ఎవరికి ఎక్కువో, గెంతుల భారం కూడా వాళ్ల కీళ్ల మీదే ఎక్కువ పడుతుంది. ఈ ఒక్క కారణం చాలు, బరువు ఎక్కువున్నవాళ్లకు గెంతుల కార్యక్రమాన్ని మొదటి అడుగుగా ఇవ్వకూడదని నేను గట్టిగా అనుకోవడానికి.

సిద్ధంగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒంటి కాలి మీద నిలబడి, గోడకు చెయ్యి ఆనించి, మడమ పైకి లేపి దించడం ఒక్కో కాలికి 20 సార్లు చేయగలగాలి. కుర్చీ మీద నుంచి ఒంటి కాలితో లేచి కూర్చునేటప్పుడు మోకాలు లోపలికి వాలకూడదు. ఆ తర్వాత ఒక అడుగు ఎత్తున్న మెట్టు మీద నుంచి రెండు కాళ్లతో కిందికి దిగండి. శబ్దం వినండి. 'దబ్' మని వినిపిస్తే బరువంతా ఎముకలు, కీళ్ల మీద పడుతున్నట్టు. ముందు పాదం ముందు భాగం, తర్వాత మడమ, ఆ వెంటనే మోకాళ్లు, తుంటి మెత్తగా మడతపడితే దాదాపు చప్పుడే ఉండదు. అలా దిగి మూడు సెకన్లు కదలకుండా నిలబడగలిగితే గెంతులు మొదలుపెట్టొచ్చు. లేకపోతే రెండు మూడు వారాలు దిగడమే నేర్చుకోండి. ఎగరడం కన్నా దిగడం ముందు రావాలి.

మీ పరిస్థితి ఏది?

బరువు బాగా ఎక్కువగా ఉండి, చాలాకాలంగా కదలకుండా ఉన్నవాళ్లయితే ఆలోచించాల్సిన పని లేదు: నడక, బరువులు. మోకాలు నొప్పి ఉంటే నడకకు బదులు సైకిలో, ఈతో. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ముందు దాన్ని అందుకోండి. గెంతుల సంగతి మూడు నాలుగు నెలల తర్వాత చూడొచ్చు, చూడకపోయినా కొవ్వు తగ్గడానికి ఏ అడ్డూ లేదు.

రోజుకు పావుగంట కన్నా ఎక్కువ దొరకనివాళ్లు, కీళ్ల నొప్పులు లేనివాళ్లు, ఇప్పటికే కాస్త చురుగ్గా ఉన్నవాళ్లు స్కిప్పింగ్‌ను చూడొచ్చు. తాడుతో గెంతేటప్పుడు నేల నుంచి లేచేది రెండు మూడు సెంటీమీటర్లే. కాబట్టి జంప్ స్క్వాట్‌తో పోలిస్తే ఒక్కో దిగుడు చాలా తేలిక, నిమిషానికి ఖర్చు మాత్రం ఎక్కువ. ముప్పై సెకన్లు తిప్పి ముప్పై సెకన్లు ఆగుతూ పది నిమిషాలు చేస్తే మొదట్లో అది చాలు. అయితే పది నిమిషాల స్కిప్పింగ్ అంటే పాదాలు నేలను తాకేది ఐదారు వందల సార్లు. ఆ తాకిళ్లన్నీ పిక్క, మడమ మీదే. రోజు విడిచి రోజు చేయండి.

ఇప్పటికే ఒక ఏడాదిగా బరువులెత్తుతూ, కొవ్వు కొద్దిగా తగ్గించుకోవాలనుకునేవాళ్లకు అసలైన ప్లయోమెట్రిక్స్ చక్కగా సరిపోతాయి. క్యాలరీల కోసం వద్దు. తక్కువ తినే రోజుల్లో బరువులు ఎత్తడంలో వేగం మందగిస్తుంది, ఆ చురుకుదనం నిలుపుకోవడానికి. బరువులకు ముందు, వార్మప్ తర్వాత, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు నాలుగైదు గెంతులు మూడు నాలుగు సార్లు. పది నిమిషాల్లో అయిపోతుంది.

ఆటలు ఆడేవాళ్లకు నేను చెప్పేది వేరు. బ్యాడ్మింటన్, వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు ఆటలోనే వందలకొద్దీ గెంతులు గెంతుతారు. వాటికి పైన ఇంకో గెంతుల సర్క్యూట్ కలిపితే మోకాలి చిప్ప కింద నొప్పి రావడానికి దారి తెరిచినట్టే. ఆట ఉన్న రోజులను గెంతుల రోజులుగానే లెక్కపెట్టుకోండి.

ఇటీవల ప్రసవమైనవాళ్లు, గెంతినప్పుడు మూత్రం కారడం గమనించినవాళ్లు సిగ్గుపడి దాచుకోవద్దు. ఇది చాలామంది స్త్రీలకు ఉండే సమస్య, చికిత్స కూడా ఉంది. కటి కండరాల గురించి తెలిసిన ఫిజియోథెరపిస్ట్‌ను కలిసి, ఆ కండరాలు బలపడ్డాకే గెంతులకు వెళ్లాలి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, ఎముకలు బాగా గుల్లబారినవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు.

ఇక ఎగరడం అంటేనే ఇష్టం ఉన్నవాళ్లు ఉంటారు. నడక వాళ్లకు విసుగు, ట్రెడ్‌మిల్ చూస్తేనే నీరసం. సంగీతం పెట్టుకుని గెంతుతుంటే వాళ్ల ముఖం వెలిగిపోతుంది. అలాంటివాళ్లకు నా లెక్కలు చూపించి ఆపమని నేను అనను. ఆరు నెలలు మానకుండా చేసే వ్యాయామం, మూడు వారాలకు మానేసే వ్యాయామం కన్నా ఎక్కువ కొవ్వు తగ్గిస్తుంది. వారానికి రెండు రోజులు చేయండి, మిగతా రోజుల్లో అడుగుల లెక్క పడిపోకుండా చూసుకోండి, ఇంకో రెండు రోజులు బరువులు. ఎముకలకు కూడా గెంతులు మేలు చేస్తాయి, నడకతో ఆ మేలు అంతగా రాదు.

గెంతులు కలుపుకోవాలనుకుంటే

బాక్స్ జంప్‌తో మొదలుపెట్టడం నాకు నచ్చుతుంది, ఎందుకంటే పైకి ఎగిరి పైనే దిగుతాం కాబట్టి దిగే ఎత్తు తక్కువ, దెబ్బ తక్కువ. కానీ చాలామంది అక్కడి నుంచి వెనక్కి దూకుతారు. భారమంతా అప్పుడు పడుతుంది. ఎగిరి ఎక్కండి, ఒక్కో కాలు పెట్టి దిగండి. బాక్స్ ఎత్తు పెంచుకుంటూ పోవడం కూడా వద్దు. మరీ ఎత్తు బాక్స్ మీదికి ఎక్కేవాళ్లు నిజానికి ఎక్కువ ఎగరడం లేదు, మోకాళ్లను ఛాతీ దాకా ముడుచుకుంటున్నారు. అందకపోతే దాని అంచుకు మోకాలి కింద ముందువైపు ఎముక కొట్టుకుంటుంది, ఆ దెబ్బ తగిలినవాళ్లకు తెలుసు. మోకాలి ఎత్తు చాలు.

మొదటి నెల ఒక సెషన్‌కు 40 తాకిళ్లు దాటకండి, వారానికి రెండు సెషన్లు. తర్వాత 60, ఆ తర్వాత 80. నేల గట్టి సిమెంటు కాకుండా గడ్డి, చెక్క, రబ్బరు మ్యాట్ ఏదైనా సరే. మెత్తటి పరుపు మాత్రం వద్దు, చీలమండ మడతపడుతుంది. ఒక సెట్‌లో గెంతు ఎత్తు తగ్గడం మొదలైనా, దిగుతున్న చప్పుడు పెరిగినా అక్కడితో ఆపేయండి, లెక్క పూర్తి కాకపోయినా సరే. దమ్ము కోసం, చెమట కోసం ఇంకా చేయాలనిపిస్తే ఆ మిగిలిన సమయం సైకిల్ మీదో, మెట్ల మీదో పెట్టండి.

కొత్తగా గెంతులు మొదలుపెట్టిన వారం బరువు యంత్రం కిలో దాకా ఎక్కువ చూపించవచ్చు. నొప్పెడుతున్న కండరాల్లో నీరు చేరడం వల్ల వచ్చేది అది. టెన్షన్ పడి తిండి ఇంకా తగ్గించకండి. రోజూ పొద్దున్నే బరువు చూసి వారం సగటు తీసుకోండి. బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత రెండు వారాలకోసారి, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు బిగించకుండా కొలవండి. వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం తగ్గుతుంటే బాగానే జరుగుతోంది. నాలుగు వారాల సగటు కదలకపోతే గెంతులు పెంచే ముందు తిండి, రోజంతా వేసే అడుగులు చూడండి. తేడా దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది.